అమ్మ తిప్పి పంపిన చెక్కు

వాషింగ్టన్,
జనవరి 12

అక్కా,

నీ పార్సిల్ అందింది. మన ఫిన్నిష్ తీపి రొట్టె పుల్లా దారిలో కాస్త ఎండింది గానీ, పెట్టె విప్పగానే యాలకుల వాసనకి ఆఫీసులో ఉన్న ఐదుగురూ నా గదిలోకి వచ్చేశారు. చివరికి నాకు మిగిలింది ఒక కొస. దాన్నే కాఫీలో ముంచుకుని తిని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఒక మంచి కబురు. దేశం అప్పు తగ్గించే మార్గం చూడమని సభలో ఒక సంఘం వేశారు. దానికి నన్ను పెద్దగా పెట్టారు. ఇరవై రెండేళ్ళుగా ఈ సభలో చేతులెత్తడమే తప్ప, నా చేత్తో చేసిన పని ఇదీ అని చూపించడానికేమీ లేదు. ఇప్పుడు దొరికింది. ముసలివాళ్ళ పింఛన్లు, వాళ్ళ వైద్యం ఖర్చు, ఈ రెండింటి జోలికీ ఇక్కడ ఎవరూ పోరు. పోయినవాడు మళ్ళీ గెలవడంటారు. మేం పోదల్చుకున్నాం. పెద్దగా ఏమీ ఉండదులే, కొన్ని సర్దుబాట్లు.

మొదటి సమావేశంలో అమ్మ గురించి చెప్పాను. నాకు అయిదేళ్ళప్పుడు నాన్న గనిలో పోవడం, అమ్మ మెస్సులో ఉండే కార్మికుల బట్టలు ఉతికి మనిద్దర్నీ పెంచడం, ఏనాడూ సర్కారు ముందు చెయ్యి చాచకపోవడం. అవతలి పార్టీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నీకు గుర్తుందా, చలికాలంలో దండెం మీద చొక్కాలు గడ్డకట్టి చేతులు చాపుకుని నిలబడేవి. నేను ఒకదాన్ని పట్టుకుని మంచులో డాన్సు చేసేవాణ్ణి. "ఒరే, చెయ్యి విరుగుద్దిరా!" అని అమ్మ అరిచేది. నా చెయ్యి కాదు, చొక్కా చెయ్యి! నిజంగానే ఒకసారి విరిగింది.

బావ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ తమ్ముడు
రేనో


ఆల్డర్ ఫోర్క్, మినసోటా
ఫిబ్రవరి 3

రేనో,

నీ సర్దుబాట్లేమిటో పేపర్లో చదివాం. మీ బావ పైకి చదువుతుంటే నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను.

"డెబ్బై ఏళ్ళు," అన్నాడు.

"ఎవరికి డెబ్బై?"

"పింఛను మొదలవడానికి. ఇకమీదట."

"సరిగ్గా చదువు లుడ్విక్, కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకునే చదువుతున్నానే తల్లీ."

సర్దుబాటు అంటే బొత్తాం మార్చి కుట్టడం అనుకున్నాను. నువ్వు చొక్కానే సగానికి కత్తిరిస్తున్నావు. నీకు డెబ్బై అయినా కుర్చీలో కూర్చుంటావు. మీ బావకి యాభై ఎనిమిదికే మోకాళ్ళు అరిగిపోయాయి. ముప్ఫై నాలుగేళ్ళు నేల కింద వంగి పనిచేసినవాడు. ఇంకో పన్నెండేళ్ళు ఆగమంటే ఏం చేసేవాడు? ఇప్పుడు గనిలో దిగుతున్న కుర్రాళ్ళు ఏం చేస్తారు? తండ్రి పోయిన పిల్లలకి నెలనెలా ఇచ్చేదాంట్లో కూడా కోత పెట్టారట. అది చదివి మీ బావ పేపరు మడిచేశాడు.

అప్పంటే నాకూ ఒళ్ళుమంటే. అమ్మ పెంపకం అది. కొట్టువాడి పుస్తకంలో మన పేరు ఎప్పుడూ లేదు. కాబట్టి దేశం అప్పుల్లో ఉంటే నాకేం అనను. కానీ అప్పు తీర్చడానికి ముందు ఎవరి గిన్నెలోంచి తీస్తావన్నదే నా ప్రశ్న.

ఫోనులో ఎందుకు మాట్లాడలేదంటావా? నీ గొంతు వినగానే మెత్తబడిపోతాను. అందుకని.

ఇంకో మాట. అమ్మ కథ అందరికీ మాటిమాటికీ చెప్పకు.

అక్క


వాషింగ్టన్,
ఫిబ్రవరి 20

అక్కా,

నువ్వు తిడితే బాగానే ఉంటుంది. ఇక్కడ అందరూ "గౌరవ సభ్యులవారూ" అంటూ తిడతారు.

కానీ నా మాట విను. నాన్న రోజుల్లో ఒక ముసలాయన పింఛనుకి నలభైమంది జీతాల్లోంచి తీసేవారు. ఇప్పుడు ముగ్గురున్నారు. రేపు ఇద్దరే. నువ్వూ బావా బాగానే దాటిపోతారు, మీకు పైసా తగ్గదు, ఆ సంగతి బిల్లు మొదటి పేజీలోనే రాశాం. నీ మనవరాలి సంగతేంటి? ఆమె పని మొదలుపెట్టేసరికి దేశం కట్టే వడ్డీ సైన్యం ఖర్చుని దాటేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దంటున్నాను, అంతే. అందరికీ నచ్చే మాటలు చెప్పి ఇంకో పదేళ్ళు హాయిగా గెలవచ్చు. నాకు అరవై వచ్చాయి అక్కా. ఇంక ఎప్పుడు చేస్తాను?

ఏప్రిల్లో మన ఊరొస్తున్నాను. గని కార్మికుల హాల్లో మీటింగు. ముఖాముఖి అడగమను, ఎవరేం అడిగినా చెబుతాను.

అమ్మ కథ ఎందుకు చెప్పకూడదు? నాకున్న ఆస్తి అదొక్కటే.

రేనో


ఆల్డర్ ఫోర్క్,
ఏప్రిల్ 18

రేనో,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైంది. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

హాల్లో నిన్ను చూస్తే గర్వంగానే ఉంది. ఎంతమంది అరిచినా గొంతు పెంచలేదు. గనిలో మీ బావతో పనిచేసిన హెల్‌గ్రెన్ ముందుకొచ్చి రెండు చేతులూ నీ మొహం ముందు పెట్టాడు.

"చూడు రేనో. ఈ వేళ్ళు ముడుచుకోవు. వీటితో డెబ్బై దాకా ఏం పట్టుకోమంటావు?"

"నీకు వర్తించదు, హెల్‌గ్రెన్. నీకు ఇప్పటికే వస్తోంది."

"నా కొడుక్కి?"

నువ్వు నీళ్ళు తాగావు. గ్లాసు కింద పెట్టి అమ్మ కథ ఎత్తుకున్నావు. మా అమ్మ సర్కారు సొమ్ము ముట్టలేదు, మేం బతకలేదా అన్నావు. అప్పుడే నేను లేచి కోటు వేసుకుని బయటికి వచ్చేశాను. కాఫీ పాత్ర కింద మంట ఆపడానికి వెళ్ళానని నీతో చెప్పింది అబద్ధం. బయట మెట్లమీద కూర్చున్నాను.

రేనో, అమ్మ సర్కారు సొమ్ము తీసుకుంది. నీకు పద్దెనిమిది నిండేదాకా ప్రతి నెలా తీసుకుంది.

నాన్న పోయిన వసంతంలో మొదటి చెక్కు వచ్చింది. చనిపోయిన కార్మికుడి పెళ్ళాం పిల్లలకి ఇచ్చేది. అప్పుడప్పుడే పెట్టారు, ఊళ్ళో ఎవరికీ దాని సంగతే తెలీదు. అమ్మ దాన్ని అంట్లు తోమిన చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మనం అడుక్కునేవాళ్ళమా?" అని తిప్పి పంపేసింది. పోస్టుమాస్టర్ ఓస్‌గార్డ్ ఇంటికొచ్చి బతిమాలాడు. "హిల్మా, ఇది దానం కాదమ్మా, మీ ఆర్వో జీతంలోంచి కోసుకున్నదే" అన్నాడు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చింది, తలుపు తీసి పట్టుకుంది.

నేను బడి మానేసింది అందుకే. నాకు చదువు ఎక్కలేదని నీకు చెబుతూ వచ్చాం. నాకు లెక్కల్లో బహుమతి వచ్చింది ఆ ఏడాదే. పదమూడేళ్ళకి మెస్సు వంటింట్లో చేరాను. అరవైమంది కార్మికుల టిఫిన్ డబ్బాల్లో మాంసం కూరి కాల్చిన పాస్టీలు సర్దేదాన్ని. తెల్లారేసరికి వేళ్ళ నిండా పిండి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఇప్పటికీ ఆ వాసన నాకు ఇష్టమేననుకో, అది వేరే సంగతి.

చలికాలం మొదలవుతుండగా ఏమైందో తెలీదు, చెక్కులు మళ్ళీ రావడం మొదలుపెట్టాయి. అమ్మ వాటిని మార్చడానికి బస్సెక్కి పక్క ఊరు వెళ్ళేది, మన ఊళ్ళో ఎవరూ చూడకుండా. నీ మొదటి బూట్లు, నీ కాలేజీకి దాచిన మొత్తం, అన్నీ అవే.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు మొదటిసారి పోటీ చేసినప్పుడు రేడియోలో ఈ కథే చెప్పావు. అమ్మ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. చాకు బల్లమీద పెట్టేసింది. "వాడికి చెప్పకే ఇర్యా. వాడికి ఆ అమ్మే కావాలి" అంది. నాచేత ఒట్టు వేయించుకుంది.

అమ్మా, ఒట్టు తప్పాను. నన్ను క్షమించు. రేనో, నువ్వు మాత్రం అలా హాల్లో నిలబడి అందరికీ చెప్పకూడదురా.

అక్క


వాషింగ్టన్,
మే 9

అక్కా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు అది నిజం కాదనుకున్నాను. హాల్లో నన్ను ఆపడానికి నువ్వు కల్పించావని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత పింఛన్ల శాఖకి రాసి నాన్న పేరు మీదున్న పాత కాగితాలు అడిగాను. ఫిల్ము మీంచి తీసిన నకళ్ళు పంపారు. నువ్వు చెప్పిందంతా నిజం. తిప్పి పంపిన చెక్కు మీద ఎర్ర ముద్ర ఉంది. దాని వెనక ఒక ఉత్తరం. అమ్మ చేతిరాత. నా చొక్కా కాలర్ లోపల పేరు రాసేది చూడు, అదే రాత, పక్కకి ఒరిగిన అక్షరాలు.

అది ఫిన్నిష్‌లో ఉంది. చదవలేకపోయాను అక్కా. మనింట్లో మాట్లాడిన భాష. అమ్మ జోలపాడిన భాష. ఒక గంట కూర్చుంటే "నా కూతురు" అన్న రెండు మాటలు పోల్చుకోగలిగాను. ఇక్కడ ఎవరిచేతనైనా చదివించవచ్చు. పరాయివాళ్ళ నోట వినబుద్ధి కాలేదు. నకలు పంపిస్తున్నాను. ఏం రాసిందో చెప్పు.

ఇరవై రెండేళ్ళుగా అబద్ధం చెప్పి ఓట్లు అడిగానన్నమాట.

రేనో


ఆల్డర్ ఫోర్క్,
మే 21

నాన్నా రేనో,

తెలియక చెప్పినదాన్ని అబద్ధం అనరు. ఊరుకో.

అమ్మ ఉత్తరం ఉన్నదున్నట్టు మార్చి రాస్తున్నాను. 1941 నవంబరులో రాసింది.

"అయ్యా, ఆర్వో లాహ్తి భార్య హిల్మా రాయునది. నాకు ఇంగ్లీషు రాదు. మీరు పంపినది ఏప్రిల్లో నేను తిప్పి పంపాను. గర్వం వల్ల చేశాను. అది తప్పు. నా కూతురు పదమూడేళ్ళది, లెక్కల్లో తెలివైనది. నా గర్వం కోసం అది పరాయివాళ్ళ వంటింట్లో చేతులు కాల్చుకుంటోంది. నిన్న దాని చేతికి వెన్న రాస్తుంటే అది ఏడవలేదు. ఏడిస్తే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. దయచేసి మళ్ళీ పంపండి. నా కూతురు బడికి వెళ్ళాలి."

అంతే ఉంది. కింద సంతకం.

రేనో, యాభై అయిదేళ్ళు నేనేమనుకున్నానో తెలుసా? మగపిల్లాడి కోసం, నీకోసం, అమ్మ తలవంచిందనుకున్నాను. నాకోసం వంచలేదని లోపలెక్కడో ఒక ముల్లు. ఎప్పుడూ పైకి అనలేదు.

ఆ నవంబరులోనే ఒకరోజు అమ్మ, "రేపట్నుంచి బడికి పో" అంది. ఎందుకో చెప్పలేదు. నేను, "పోను. నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోను. నాకు మెస్సులోనే బాగుంది" అన్నాను. చెంప ఛెళ్ళుమంది. జన్మలో అమ్మ నన్ను కొట్టింది అదొక్కసారే. కొట్టి, తనే వెళ్ళి ఉతికే తొట్టె దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది. ఆ దెబ్బ ఎందుకో నాకు ఈ వారం తెలిసింది.

మీ బావ నాకు కాఫీ కలిపి పెట్టాడు. ఆయనలో నాకు నచ్చేది అదే.

అక్క


వాషింగ్టన్,
జూన్ 30

అక్కా,

పేపర్లో ఈపాటికి చూసే ఉంటావు. నిన్ను అడగకుండా చేశాను. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు.

చర్చ చివరి రోజున లేచి, ఇరవై రెండేళ్ళుగా చెప్పిన కథ తప్పని చెప్పాను. మా అమ్మ ఆ చెక్కు తీసుకుంది, దానితోనే నేను ఇక్కడ నిలబడ్డాను అన్నాను. ఉత్తరం చదవలేదు. అది నీది. తండ్రి పోయిన పిల్లల మీద కోత తీసేయమని నా బిల్లుకే నేను సవరణ పెట్టాను. అది నెగ్గింది. గనుల్లో, అడవుల్లో, మిల్లుల్లో ఒళ్ళు అరగదీసుకున్నవాళ్ళకి పాత వయసే ఉంచాలని ఇంకొకటి పెట్టాను. అది పోయింది. పదకొండు ఓట్ల తేడా. మా పార్టీవాళ్ళే ఎదురు ఓటేశారు. "ఎవరి ఒళ్ళు ఎంత అరిగిందో కొలిచేదెవరు?" అని అడిగారు.

తర్వాత మొత్తం బిల్లు మీద ఓటింగు వచ్చింది. నీకు నచ్చని మాట నేనే చెబుతాను. అనుకూలంగానే వేశాను. ఆ చెక్కు నన్ను పెంచింది కాబట్టే, ఇంకో ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా అది ఎవరో ఒక పిల్లాడికి అందాలనుకున్నాను. పెట్టె ఖాళీ అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేను. నేను పొరబడి ఉండొచ్చు. హెల్‌గ్రెన్ చేతులు కళ్ళముందే ఉన్నాయి. అయినా వేశాను.

మా సభలో నెగ్గింది. పై సభలో ఆపేస్తారని అంటున్నారు.

రేనో


ఆల్డర్ ఫోర్క్,
జూలై 16

రేనో,

వారం రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. అమ్మ దాచుకున్నదాన్ని దేశమంతా వినేలా చెప్పావు. ఆదివారం చర్చికి రానన్నాను. మీ బావ, "నువ్వేం దొంగతనం చేశావా? పద" అన్నాడు.

ప్రార్థన అయ్యాక కింద కాఫీల దగ్గర నేను ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. ఇంతలో సిగ్నే హాల్‌బర్గ్ కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఎవరితోనూ మాట కలపదు. నా పక్కన కూర్చుని అంది:

"మా అమ్మ కూడా పక్క ఊరే వెళ్ళేది."

"ఎందుకు?"

"దానికే. చెక్కు మార్చడానికి. మీ అమ్మా మా అమ్మా ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు ఇర్యా. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదట. ఒకామె ముందు సీటు, ఒకామె చివరి సీటు. పదేళ్ళు!"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇద్దరం నవ్వేశాం. అప్పుడు బల్లకి అవతల నుంచి ఇంకొకాయన, "మా అమ్మ పిండి డబ్బాలో దాచేది" అన్నాడు. ఆ తర్వాత ఇంక ఎవరూ ఆగలేదు. కాఫీ రెండుసార్లు కాచాల్సి వచ్చింది. పాస్టర్ గారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, ఒక్కరూ లేవరే!

అమ్మ ఆ రోజుల్లో వెనక్కి తిరిగి చూసి ఒక్క పలకరింపు పలకరించి ఉంటే, ఆ ఇద్దరికీ దారంతా తోడుండేది కదా అనిపించింది.

నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం నువ్వు వేసిన ఓటు మీద. అది ఉంటుంది.

అక్క


వాషింగ్టన్,
నవంబరు 9

అక్కా,

ఎన్నికల్లో ఓడిపోయాను. నీకు తెలుసు. బిల్లు పై సభలో వేసవిలోనే చచ్చిపోయింది, దానితోపాటు నేనూ అన్నమాట. హెల్‌గ్రెన్ నాకు వ్యతిరేకంగా ఇల్లిల్లూ తిరిగాడని విన్నాను. తిరగాల్సిందే. నేనైనా తిరిగేవాణ్ణి.

సామాను సర్దుతున్నాను. గోడ మీద అంటించుకున్న, దేశం అప్పు ఎలా పెరుగుతోందో చూపే గీతల కాగితం తీసేశాను. గీత మాత్రం పైకే పోతోంది, అది నేను ఓడిపోయినంత మాత్రాన దిగదు. వచ్చేవాడికి ఇచ్చి వెళ్తాను. చూస్తాడో లేదో.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. మన వార్డులో నేను మొదటిసారి వెనకబడ్డాను. నువ్వెవరికి వేశావు?

రేనో


ఆల్డర్ ఫోర్క్,
నవంబరు 17

రేనో,

నీకు వెయ్యలేదు.

ఓటు పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనకవాళ్ళు దగ్గారు. నీ పేరు చూస్తే మంచులో చొక్కా పట్టుకుని ఎగిరే నువ్వే కనిపించావు. అయినా మెస్సులో నేను పాస్టీలు కట్టిన అరవైమందీ గుర్తొచ్చారు. వాళ్ళలో డెబ్బై చూసినవాళ్ళు తక్కువ. తమ్ముడు తమ్ముడే, ఓటు ఓటే.

ఇంటికొచ్చి మీ బావతో చెబితే చెంచా కింద పెట్టేశాడు.

"నువ్వు వెయ్యలేదా? సొంత అక్కవి!"

"నీ మోకాళ్ళ కోసమే వెయ్యలేదయ్యా!"

"నేను వాడికే వేశానే."

"నువ్వా? ఆ పేపరు చదివి మడిచేసినవాడివి!"

"బిల్లు నాకు నచ్చలేదు. తప్పు చెప్పానని అందరి ముందూ ఒప్పుకున్న నాయకుణ్ణి ఈ వయసుకి ఒక్కణ్ణే చూశాను."

కాబట్టి మా ఇంట్లో నీకు సగం మెజారిటీ ఉంది. దిగులుపడకు.

ఇక్కడ నీకు పని ఉంది. ప్రతి మంగళవారం లైబ్రరీ వెనక గదిలో ముసలివాళ్ళు పింఛను ఫారాలు, ఆసుపత్రి ఫారాలు పట్టుకొస్తారు. ఒక్క ముక్క అర్థం కాదు ఎవరికీ. నింపిపెట్టే టీచరమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఫారాల్లో సగం మీ తమ్ముడి సభే కదా రాసింది, ఆయన్నే నింపమనండి అని లైబ్రేరియన్ నవ్వుతోంది. నువ్వు వస్తున్నావని నేను మాటిచ్చేశాను.

హెల్‌గ్రెన్ మొదటి నంబరు తీసుకున్నాడు. వాళ్ళావిడ ఆసుపత్రి కాగితాలట. నిన్న దారిలో నన్ను ఆపాడు.

"వాడు నా ఫారం నింపుతాడా?"

"నింపుతాడు. చేతిరాత బాగుంటుంది."

"నేను వాణ్ణి ఓడించాను కదా."

"నేనూ ఓడించాను. అయితే?"

ఆ ముడుచుకోని వేళ్ళతో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. కాఫీ నేను తెస్తాను. వాడు పంచదార ఎంత వేసుకుంటాడు?" అన్నాడు.

నాకు తెలీలేదురా. ఇరవై రెండేళ్ళలో నువ్వు కాఫీ ఎలా తాగుతావో మర్చిపోయాను. తొందరగా వచ్చి చెప్పు.

అక్క
ఇర్యా